కాజాలక్క క్షమించిన సంగతి

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. చర్చి సభ్యుల పుస్తకంలో అది భద్రంగానే ఉంది గానీ, బయట ఎవరూ దాన్ని వాడరు. ఇరవై ఏళ్ళుగా చొక్కాలకు కాజాలు కుట్టి కుట్టి ఆమె కాజాలక్క అయిపోయింది. గుండీ దూరడానికి చొక్కాకు ఉండే చిన్న కంతే కాజా. చూడబోతే ఏముంది, ఒక గాటు, దాని చుట్టూ దారం. కానీ గాటు పోగంత ఎక్కువైతే గుండీ నిలవదు, పోగంత తక్కువైతే దూరదు. కాజాలు కుట్టే మిషన్లు వచ్చాక కూడా ఆమె పనిచేసే టైలరు దుకాణం మాస్టారు మంచి చొక్కాలకు చేతి కాజాలే వేయించేవారు. "మిషను కాజా నోరు తెరిచిన చేపలా ఉంటుందండీ. మా కాజాలక్కది నోరు మూసుకున్న మనిషిలా ఉంటుంది," అని వచ్చినవాళ్ళకు చెప్పేవారు.

ఆ మాట కాజాలకే కాదు, ఆమెకూ సరిపోతుంది. పొద్దున వచ్చి చెప్పులు విడిచి, దుకాణం చివర ట్యూబులైటు కింద కూర్చుంటే సాయంత్రం దాకా ఆమె గొంతు వినపడేది కాదు. మాటలన్నీ లోపలే ఉండేవి. లోపల పడ్డ మాట ఏదీ బయటికి వచ్చేది కాదు, అరిగేదీ కాదు.

దుకాణానికి కావలసిన నోరంతా కత్తెర వదినకు ఉంది. గుడ్డ కత్తిరించే పని ఆమెది. వీధివైపు కిటికీ పక్కన ఎత్తైన బల్ల, దానిమీద ఆమె కత్తెర, సుద్దముక్కలు, ఇనుప స్కేలు. అక్కడి నుంచి వీధిలో పోయే ప్రతివాళ్ళనూ పలకరిస్తూ, లోపలున్న ప్రతివాళ్ళనూ దెప్పుతూ, గుడ్డ మీద మాత్రం కత్తెర వంకరపోకుండా పని చేసేది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం అయ్యేసరికి బల్ల మీద పాత కాగితం పరిచి, "కాజాలూ, రా, చల్లారిపోతోంది," అని పిలిచేది. ఇద్దరూ పంచుకుని తినేవాళ్ళు. కత్తెర వదిన డబ్బాది ఈమె మూతలో పెట్టేది, ఈమె డబ్బాది తను కాస్త రుచి చూసి, "మీ అత్త చేసిందా, నువ్వు చేశావా? అత్తే అయ్యుంటుంది, ఉప్పుంది," అనేది.

ఇద్దరిదీ ఒకే చర్చి. మోటార్లు బాగుచేసే షెడ్డు పైన పొడవాటి హాలు, దాని వెనక చిన్న వంటగది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం ఉంటుంది. ఆ బల్లకు రొట్టె చేసేది కాజాలక్క. చిన్న గాజు గిన్నెలు కడిగి, ద్రాక్షరసం సిద్ధం చేసేది కత్తెర వదిన. శనివారం సాయంత్రం ఇద్దరూ ఆ వంటగదిలో కలిసేవాళ్ళు. ఒకామె పొయ్యి దగ్గర, ఒకామె కుళాయి దగ్గర. ఎవరూ నియమించింది కాదు, ఎన్నేళ్ళ నుంచో అలా జరిగిపోతోంది.

ఒక ఆదివారం అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరుగారు, ప్రసంగం మధ్యలో పుస్తకం మూసేశారు.

"వాక్యం వినడం మనకు బాగా అలవాటైపోయింది," అన్నారు. "వింటాం, తలూపుతాం, చెప్పులు వేసుకుని వెళ్ళిపోతాం. ఈసారి ఒక్కటి చేసి చూద్దాం. వచ్చే ఆదివారం బల్ల ఉంది కదా."

కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడు, సహోదరుడితో ఉన్న తగవు గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడి రావాలన్న యేసుప్రభువు మాటను ఆయన మళ్ళీ చెప్పారు. తర్వాత తెల్లకాగితపు చీటీలు పంచారు. మనసులో ఎవరి మీదైనా ఏమైనా ఉంటే ఆ పేరు రాసుకోవాలి. ఎవరికీ చూపించనక్కర్లేదు. వారంలోగా వెళ్ళి ఆ మనిషితో మాట్లాడి, చీటీ చింపేసి బల్లకు రావాలి.

కాజాలక్క చీటీని అరచేతితో కప్పుకుని పేరు రాసింది. పక్కనే కూర్చున్న కత్తెర వదిన మోచేత్తో పొడిచింది.

"నీదైపోతే పెన్ను ఇలా ఇవ్వు. ఒక్కటే చీటీ ఇచ్చారేంటి, నాకు కనీసం నాలుగన్నా కావాలి."

కాజాలక్క చీటీని నాలుగు మడతలు పెట్టి పెన్ను ఇచ్చింది. ఆ మడతల లోపల ఉన్నది కత్తెర వదిన పేరే.

తొమ్మిదేళ్ళ కిందటి సంగతి అది. మాస్టారికి చూపు మందగిస్తుంటే, కత్తిరింపు పని ఒకరికి నేర్పాలనుకున్నారు. దుకాణంలో పాతమనిషి కాజాలక్కే. తనకే నేర్పుతారని ఆమె అనుకుంది, ఇంట్లో చెప్పింది కూడా. ఆ కిటికీ పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో ఒకసారి ఎవరూ లేనప్పుడు కూర్చుని చూసింది. ఆ వారంలోనే, కొలతలు తీసుకునే గదిలో పరదా వెనక బట్టలు సర్దుతుంటే కత్తెర వదిన గొంతు వినపడింది. "ఆమె చెయ్యి వణుకుతోంది మాస్టారూ. గుడ్డ పాడవుతుంది."

పని కత్తెర వదినకు వచ్చింది. కాజాలక్క మళ్ళీ ట్యూబులైటు కిందికి వెళ్ళి కూర్చుంది. అప్పుడేమీ అనలేదు, తర్వాతా అనలేదు. మధ్యాహ్నం పిలిస్తే వెళ్ళి తింటూనే ఉంది. కానీ కత్తెర గుడ్డ మీద కరకరమన్న ప్రతిసారీ లోపల ఏదో చిన్నగా తెగుతూనే ఉంది. ఎన్నిసార్లు ప్రార్థన చేసినా అది పోలేదు.

అలాంటిది, ఆ ఆదివారం చీటీ మీద పేరు రాసి ఇంటికొచ్చాక, సోమవారం పొద్దున లేచి చూసుకుంటే అది లేదు. పన్ను నొప్పి తగ్గాక నాలుక పెట్టి చూసుకున్నట్టు రెండు మూడుసార్లు చూసుకుంది. నిజంగానే లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఇంత మంచి సంగతి ఆ మనిషికి చెప్పకపోతే ఎలా అనిపించింది. పైగా చెప్పమన్నారు కూడా.

మంగళవారం మధ్యాహ్నం డబ్బాలు తెరిచాక చెప్పింది.

"వదినా, నీతో ఒక మాట."

"చెప్పు. మళ్ళీ ఉప్పు మర్చిపోయావా?"

"నేను నిన్ను క్షమించేశాను."

కత్తెర వదిన చెయ్యి డబ్బాకూ నోటికీ మధ్యలో ఆగింది. "దేనికి?"

కాజాలక్క రాత్రంతా మనసులో దిద్దుకున్న మాటల్ని తడబడకుండా చెప్పింది. పరదా వెనక తను ఉన్న సంగతి, విన్న మాట, తొమ్మిదేళ్ళు మోసిన బరువు, మొన్న వాక్యంతో అది దిగిపోవడం. "ఇప్పుడు నాకేం లేదు వదినా," అని ముగించింది. ఇక కత్తెర వదిన లేచి కౌగిలించుకుంటుందని ఆమె అనుకుంది.

"నీకేం లేదు," అంది కత్తెర వదిన. "బాగుంది. మరి నాకు?"

"నీకేముంది?"

"తొమ్మిదేళ్ళు ఈ చేత్తో నీకు పెట్టాను. మీ అమ్మ పోతే మూడు రోజులు మీ ఇంట్లో గిన్నెలు తోమాను. అప్పుడంతా నువ్వు నన్ను దొంగలా చూస్తూ నా పక్కన కూర్చుని తిన్నావన్నమాట. ఇప్పుడొచ్చి క్షమించానంటున్నావు. నేనడిగానా?"

"వాక్యంలో..."

"వాక్యాన్ని మధ్యలోకి లాగకు. క్షమించమన్నాడు గానీ, చెప్పకుండా ముద్దాయిని చేసి, చెప్పకుండా శిక్షేసి, తీరిగ్గా వచ్చి క్షమించమన్నాడా?"

కత్తెర వదిన డబ్బా మూత పెట్టేసింది. కాజాలక్క ముందున్న మూతలో సగం తిన్నది అలాగే ఉంది. తినడమా, వదిలేయడమా తెలియక ఆమె చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం చొక్కా ముక్కలు వచ్చాయి. వాటి మీద గీతలు లేవు.

ఇది బయటివాళ్ళకు అర్థం కాదు. కాజా ఎక్కడ పడాలో కొలుచుకోవడం కాజా కుట్టేవాళ్ళ పని. కానీ కత్తెర వదిన బల్ల ఎక్కిన రోజు నుంచీ, ప్రతి చొక్కా ముందు ముక్క మీద సుద్దతో ఆరు చిన్న గీతలు పెట్టి పంపేది. ఎవరూ పెట్టమనలేదు. కాజాలక్కకు కొలిచే శ్రమ తప్పేది. అలవాటైపోయి ఆమె దగ్గర స్కేలు కూడా లేకుండా పోయింది. ఆ రోజు పక్క మిషను అమ్మాయి దగ్గర టేపు అడిగి తీసుకుంటుంటే, ఆ అమ్మాయి, "ఏంటక్కా, సుద్ద అయిపోయిందా?" అంది. కత్తెర వదిన కిటికీలోంచి వీధిని చూస్తూ ఉంది. వీధిలో ఎవరినీ పలకరించలేదు.

ఇంట్లో అత్తకు చెప్పింది. భర్త బస్సు డ్రైవరు, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు. అందుకని ఆమెకు ఏం చెప్పుకోవాలన్నా అత్తే దిక్కు. మంచం మీద కూర్చుని దుప్పటి అంచు సరిచేసుకుంటున్న అత్త అంతా వింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ అడక్కుండానే నువ్వు క్షమాపణ వడ్డించావా?"

"మంచిదనే కదా అత్తా."

"మంచిదే. మరి నన్నెప్పుడు క్షమిస్తావు? ముందే చెప్పు, ఆ రోజు చెవుల్లో దూది పెట్టుకుంటాను."

అత్త నవ్వింది. కాజాలక్కకు మాత్రం నవ్వు రాలేదు. చీటీ ఇంకా జాకెట్లోనే ఉంది. దాన్ని చింపాలా వద్దా తెలియడం లేదు. తన వైపు నుంచి పని అయిపోయింది. తగవు మాత్రం చీటీ రాయక ముందు లేదు, రాశాకే వచ్చింది. దేవుడు చెప్పింది చేస్తే మేలు జరగాలి కదా. తను చేసిందే తప్పా, చేసిన తీరు తప్పా, లేక ఆవిడదే తప్పా. ఒక్కోసారి ఒక్కోటి నిజమనిపించింది.

గురువారం అయ్యగారి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో మైకు వైరుకు టేపు చుడుతున్నారు.

"వందనాలు అయ్యగారూ."

"వందనాలమ్మా. కూర్చో. చీటీ సంగతేనా?"

ఆమె ఆశ్చర్యపోయింది.

"ఈ వారం వచ్చినవాళ్ళలో నువ్వు నాలుగోదానివి," అన్నారాయన. "పాటలు నడిపించే అన్నదమ్ములిద్దరూ మొన్నటి దాకా మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు చెరో గుమ్మంలోంచి వస్తామంటున్నారు."

లోపలి నుంచి ఆయన భార్య, అమ్మగారి గొంతు వినపడింది. "మీ చీటీ గురించి కూడా చెప్పండి."

అయ్యగారు ఆ మాట విననట్టే ఉండిపోయారు. కాజాలక్క జరిగిందంతా చెప్పింది. ఆయన టేపు పక్కన పెట్టారు.

"ఆ మాటలో ఉన్నది, నీ మీద అవతలివాళ్ళకు ఏమైనా ఉంటే వెళ్ళమని. నీకు వాళ్ళ మీద ఉన్నదాన్ని తీసుకెళ్ళి వాళ్ళ ఒళ్ళో పెట్టమని కాదమ్మా. అది ప్రార్థనలో దేవుడి దగ్గర వదిలేయమని వేరే చోట ఉంది. చీటీలు పంచేటప్పుడు నేనే రెండూ కలిపేశాను. తప్పు నాది."

"అంటే నేను వెళ్ళాల్సింది కాదా?"

"అప్పుడు కాదు. ఇప్పుడు వెళ్ళాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడు ఆమెకు నీ మీద ఉంది కదా."

కాజాలక్క చేతి సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "వెళ్ళి ఏమని అడగాలి అయ్యగారూ? క్షమించినందుకు క్షమించమనా?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వి, ఆమె ముఖం చూసి ఆపేశారు. "నాకు తెలియదమ్మా," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదటిసారి.

"మరి రొట్టె? సమాధానపడకుండా నేను చేయొచ్చా?"

"నువ్వు చేయకపోతే ఎవరు చేస్తారు?"

అది వాక్యప్రకారం చెప్పారో, వేరే మనిషి లేక చెప్పారో ఇంటికొచ్చేదాకా ఆలోచించినా ఆమెకు తేలలేదు.

శనివారం సాయంత్రం వంటగదికి ముందే వెళ్ళింది. కత్తెర వదిన రాకపోతే గిన్నెలు కూడా తనే కడగాలనుకుంది. రాకపోతే బాగుండునని ఒకసారి, వస్తే బాగుండునని ఒకసారి అనుకుంది. పిండిలో ఉప్పు వేసి, నూనె వేసి, నీళ్ళు పోసి కలుపుతుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

కత్తెర వదిన వచ్చింది. "వందనాలు," అని గోడకు చెప్పింది. గాజు గిన్నెల పళ్ళెం దించుకుని, కుళాయి తిప్పి, వీపు ఇటు పెట్టి కడగడం మొదలుపెట్టింది. గిన్నెకు గిన్నె తగిలి టింగుమంటోంది. ఎప్పుడూ ఆ చప్పుడు ఆమె మాటల కింద వినపడేది కాదు.

కాజాలక్క పిండి ముద్ద చేసింది. ఇక ఒత్తడమే. అప్పుడు గుర్తొచ్చింది, చేతిలో ఉన్నది కానుకేనని. ఆ మాటలోని మనిషి కానుక వదిలేసి ఎంత దూరం నడిచాడో గానీ, తనకు పొయ్యి నుంచి కుళాయికి నాలుగడుగులు. నాలుగడుగులే ఇంత కష్టంగా ఉంటే ఆ మనిషి ఎలా వెళ్ళాడో.

పిండి పళ్ళెం మీద మూత కూడా పెట్టకుండా వెళ్ళి వదిన పక్కన నిలబడింది. చేతులకు పిండి అలాగే ఉంది.

"వదినా, నేను నిన్ను ఏమీ అడక్కుండానే తీర్పు చెప్పుకున్నాను. ఆ రోజే పరదా తీసి అడగాల్సింది. అడగలేదు. అది నాది."

కత్తెర వదిన కుళాయి కట్టేయలేదు. "ఇప్పుడు అడుగు."

"ఏమని?"

"ఆ మాట అన్నావా అని అడుగు."

"అన్నావా?"

"అన్నాను," అంది కత్తెర వదిన. "నీ చెయ్యి వణుకుతోందనే అన్నాను. వణకలేదా మరి? మీ అమ్మ మంచాన పడి అప్పటికి ఆరు నెలలు. రాత్రంతా ఆమెను చూసుకుని, పొద్దున్నే వచ్చి సూదిలో దారం ఎక్కించలేక నా దగ్గరికి తెచ్చేదానివి. ఎన్ని సూదులకు ఎక్కించి ఇచ్చానో నీకు గుర్తుందా?"

కాజాలక్కకు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో పరదా గుర్తుంది, కత్తెర చప్పుడు గుర్తుంది, ఆ సూదులు మాత్రం ఎందుకు గుర్తులేవో ఆమెకు అర్థం కాలేదు.

"అయితే నాకోసమే అన్నావా?"

కత్తెర వదిన ఒక గిన్నెను వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ కడిగింది.

"ఆ కిటికీ నాకూ కావాలనిపించింది," అంది మెల్లగా. "నీ చెయ్యి వణకడం నిజం, నాకు ఆ పని కావాలనుకోవడమూ నిజం. ఏది ముందు నోట్లోకొచ్చిందో నాకే తెలియదు. అందుకే మంగళవారం అంత కోపమొచ్చింది. ఏ తప్పూ లేకపోతే నవ్వేసేదాన్ని కదా."

కత్తెర వదిన కుళాయి కట్టేసింది.

"అయితే ఇప్పుడు ఎవరు ఎవరిని క్షమించాలి?" అంది కాజాలక్క.

"నన్నడుగుతావేంటి, నీకే కదా అలవాటు," అంది కత్తెర వదిన. తర్వాత, "పిండి ఎండిపోతోంది చూడు," అంది.

నిజంగానే ఎండిపోయింది. నీళ్ళు చిలకరించి ఒత్తింది గానీ, కాలాక రొట్టె అట్టముక్కలా తయారైంది. మళ్ళీ చేద్దామంటే పిండి లేదు.

ఆదివారం అయ్యగారు బల్ల దగ్గర రొట్టె పైకెత్తి విరవబోయారు. విరగలేదు. రెండోసారి కాస్త బలం పెట్టారు. హాలంతా వినపడేలా ఫట్టుమంది, ఒక ముక్క ఎగిరి తెల్లగుడ్డ మీద పడింది. పాటలు నడిపించే అన్నదమ్ములు చెరో పక్క నుంచి తలెత్తి, ఒకరినొకరు చూసి, నవ్వు ఆపుకోలేక తలలు దించుకున్నారు.

కాజాలక్కకు తలకొట్టేసినట్టయింది. పక్కన కత్తెర వదిన కళ్ళు మూసుకునే, పెదాలు కదపకుండా అంది, "దీంతో మేకు కొట్టొచ్చు."

ఇది వెక్కిరింతా, చనువా? ముక్క చేతికి వచ్చింది. నమలడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె ప్రార్థన చేద్దామనుకుంది గానీ ఏమని చేయాలో తెలియలేదు. సగానికి తెగిన మాటలే వచ్చాయి. జాకెట్లో చీటీ ఉన్న సంగతి రొట్టె మింగాక గుర్తొచ్చింది. చింపడం మర్చిపోయింది.

సోమవారం పొద్దున మాస్టారు పది చొక్కాలు తొందరగా కావాలన్నారు. కత్తెర కరకరలాడింది. కాజాలక్క ఆ చప్పుడు విని, లోపల ఏమైనా తెగుతోందా అని చూసుకుంది. తెగినట్టూ ఉంది, లేనట్టూ ఉంది. మొన్న సోమవారం ఉన్నంత హాయి లేదు. మొన్నటి హాయి తనొక్కదానిదే కాబట్టి అంత బాగుందేమో. ఇప్పుడున్నది ఇద్దరిది.

మొదటి చొక్కా ముక్క వచ్చింది. దాని మీద సుద్ద గీతలున్నాయి. పైనుంచి కిందికి లెక్కపెట్టింది. ఐదే ఉన్నాయి. తిప్పి చూసింది, వెలుతురుకు పెట్టి చూసింది. ఆరోది లేదు. మరిచిపోయిందా, కావాలనే మానేసిందా? కత్తెర వదిన మరిచిపోయే మనిషి కాదు.

కాజాలక్క దుకాణం మొదటి నుంచి చివరి దాకా వినపడేలా మాట్లాడటం అరుదు. ఆ రోజు మాట్లాడింది.

"వదినా, ఒకటి తక్కువుంది."

కత్తెర వదిన తల తిప్పలేదు. వీధిలో ఎవరికో చెయ్యి ఊపుతూనే అంది, "అది నువ్వే పెట్టుకో. ఇప్పుడు నీ చెయ్యి వణకట్లేదుగా."

మిషన్లు ఆగాయి. కాజాలక్క ముఖం చూద్దామని వాటి మీద కుట్టే అమ్మాయిలు మెడలు తిప్పారు. ఆమె నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక, బల్ల దాకా నడిచి వెళ్ళి, వదిన మోచేతి పక్కనున్న సుద్దముక్కను అడక్కుండా తీసుకుంది. గీత పెట్టడానికి గుడ్డను ఆ ఎత్తు బల్ల మీదే పరిచింది. కిటికీలోంచి వెలుతురు నేరుగా పడుతోంది. చెయ్యి కొంచెం వణికింది.

"కొంచెం కిందికి," అంది కత్తెర వదిన, వీధిలోకి చూస్తూనే.